కుందేలు చర్మానికి ఇంటి వైద్యం: నాకినా ముప్పు లేనివే రాద్దాం

మా ఇల్లు ఉద్దానంలో, సోంపేటకు దగ్గర. కొబ్బరి చెట్ల కింద రెండు వరసల బోన్లు ఉంటాయి. కుందేళ్లు పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడు, శ్రావణ మాసపు ముసురులో ఒక తెల్ల పోతు కుందేలు ముక్కు కొసన బియ్యపు గింజంత పక్కు కనిపించింది. గోడ పక్క పిన్ని చూసి, "కిరసనాయిలు రాసెయ్యి బాబూ, మా మేకలకు అదే రాస్తాం" అంది. నేను ఆమెకంటే తెలివైనవాడిని అనుకుని వేపనూనె సీసా తీశాను. చెట్టు నుంచి వచ్చినదే కదా, ఎంత రాస్తే ఏమిటని ముక్కుకు, చెవులకు, మెడకు చిక్కగా పట్టించాను. బోనులో వదిలీ వదలగానే అది ముందు కాళ్లతో ముఖం తుడుచుకుని, ఆ కాళ్లు నాకడం మొదలుపెట్టింది. తెల్లవారేసరికి మేత ముట్టలేదు. బోను కింద ఒక్క పెంటిక కూడా లేదు. డాక్టరు చేతిలో రెండు రోజులు ఉండి బతికింది గానీ, అది నా తెలివి వల్ల కాదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇదే. కుందేలు ఒంటికి ఏది రాసినా అది దాని కడుపులోకి పోతుంది. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. పిల్లి, కుక్క కక్కేస్తాయి. దీనికి లోపలికి వెళ్లింది లోపలే. కాబట్టి ఏ సీసా తీసినా ముందు వేసుకోవలసిన ప్రశ్న, దీన్ని ఈ కుందేలుకు చెంచాతో తాగించగలనా అన్నది. ధైర్యం చాలకపోతే ఆ సీసా మళ్లీ అరలో పెట్టేయాలి.

ముందు చూడండి, తర్వాత రాయండి

కుందేలును చెవులు పట్టి ఎత్తకండి. ఒక చేయి రొమ్ము కింద, ఇంకో చేయి వెనక పిరుదుల కింద పెట్టి, ఒంటికి ఆనించుకుని తీసుకోవాలి. వెనక కాళ్లు గాలిలో వేలాడితే అది గట్టిగా తన్నుతుంది. ఆ ఊపుకు దాని వెన్నెముక అదే విరుచుకోగలదు. నేల మీద కూర్చుని, ఒడిలో పాత తువాలు పరచి, దానిలో చుట్టి పెట్టుకోవడం అన్నిటికన్నా క్షేమం. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది గానీ, అది హాయిగా ఉండి కాదు, భయంతో బిగుసుకుపోయి.

పగటి వెలుతురులో ఒక క్రమంలో చూడండి: ముక్కు, పెదవులు, చెవుల అంచులు, చెవి లోపల, మెడ వెనక, గంగడోలు (గడ్డం కింద వేలాడే చర్మపు మడత), నాలుగు పాదాల అడుగు భాగం, చివరగా తోక కింద. బొచ్చును ఎదురు దువ్వి, నోటితో మెల్లగా ఊదితే చర్మం కనిపిస్తుంది. కుందేలు చర్మం చాలా పలుచన, గోరు తగిలినా చిరుగుతుంది. గట్టి దువ్వెనలు వద్దు.

వీపు మీద చుండ్రులా రాలుతుంటే నల్ల కాగితం కింద పెట్టి దువ్వండి. కాగితం మీద రాలిన తెల్ల పొట్టులో కొన్ని నలుసులు తమంతట తాము కదిలితే అది చుండ్రు కాదు, బొచ్చులో బతికే పురుగు. నేను మొదటిసారి చూసినప్పుడు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను.

ఏది ఏమిటి

ముక్కు, పెదవులు, గోళ్ల చుట్టూ బూడిద రంగు పక్కులు గట్టిగా పేరుకుని, విపరీతంగా గోక్కుంటుంటే అది గజ్జి. పురుగు చర్మంలోకి తొలుచుకుని వెళ్తుంది. మనుషులకూ కొంత దురద అంటిస్తుంది.

చెవి లోపల ఎండిన అటుకులు పొరలు పొరలుగా అతికించినట్టు గోధుమ రంగు పక్కు కనిపిస్తే చెవి గజ్జి. ఇది వేరే పురుగు. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేందుకు సుమారు 3 వారాలు పడుతుంది. కుందేలు తల విదిలిస్తుంది, చెవి వాల్చేస్తుంది. తల ఒక పక్కకే వంగిపోయిందంటే జబ్బు లోపలి చెవికి పాకి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఏ చుక్కా వేయకండి.

గుండ్రంగా బొచ్చు ఊడి, అంచుల్లో పొలుసులు లేస్తే తామర. ఇది శిలీంధ్రం. పిల్లల చేతులకు, మెడకు ఇట్టే అంటుకుంటుంది. అది తగ్గేవరకు చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలను ముద్దు చేయనివ్వకండి.

గంగడోలు ఎప్పుడూ తడిగా ఉండి, ఒక్కోసారి అక్కడి బొచ్చు నీలం ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరుగుతుంది. మూకుడులో నీళ్లు పెట్టే ఇళ్లలో ఇది చూస్తాం. తాగినప్పుడల్లా గంగడోలు మునుగుతుంది, తడిలో బాక్టీరియా చేరి రంగు మారుస్తుంది. మందు కన్నా ముందు మూకుడు తీసేసి నిపుల్ సీసా కట్టండి. నిపుల్ ఉన్నా గడ్డం తడుస్తోందంటే నోట్లో పళ్లు పెరిగి చొంగ కారుతున్నదేమో చూపించాలి.

జననాంగాల దగ్గర, ముక్కు మీద ఒకేసారి పక్కులు వచ్చే జబ్బు ఒకటుంది. కుందేళ్లలో జత కట్టడం వల్ల పాకుతుంది. చూడటానికి గజ్జిలాగే ఉంటుంది గానీ ఏ నూనెకూ తగ్గదు, ఇంజెక్షన్ కావాలి.

ఇక జబ్బు కానివి. బొచ్చు మార్చుకునే కాలంలో కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, కింద కొత్త బొచ్చు అప్పటికే వచ్చి ఉంటుంది. ఈనడానికి ముందు ఆడ కుందేలు తన పొట్ట, గంగడోలు మీది బొచ్చు తానే పీకి గూడు కట్టుకుంటుంది. చూలు 31 రోజుల చుట్టూ ఉంటుంది కాబట్టి జత కట్టించిన తేదీ రాసి పెట్టుకుంటే కంగారు ఉండదు. మా తమ్ముడు ఒకసారి అలా బొచ్చు పీక్కున్న తల్లికి పసుపు పూయబోయాడు. మర్నాడు గూట్లో ఆరు పిల్లలు.

నూనె: ఎలా కలపాలి, ఎంత రాయాలి

మా వైపు కొబ్బరినూనెకు కరువు లేదు. సొంత కాయల కొబ్బరి ఎండబెట్టి ఆడించుకుంటాం. వాసనలు, మందులు కలపని అలాంటి నూనే కావాలి. తలకు రాసుకునే సుగంధ నూనెలు పనికిరావు.

9 చెంచాల కొబ్బరినూనెలో 1 చెంచా వేపనూనె గానీ కానుగ నూనె గానీ కలపండి. రెండూ కలిపి కాదు, ఏదో ఒకటి. (కానుగ నూనె కావాలని అడిగితే కొట్టువాడు గానుగ నూనె అని నువ్వుల నూనె చేతిలో పెట్టాడు. సీసా మీద చదివి తెచ్చుకోండి.) మార్గశిరం నుంచి కొబ్బరినూనె గడ్డ కడుతుంది. సీసాను వేడి నీళ్ల గిన్నెలో నిలబెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టనక్కరలేదు.

మొదటి రోజు పక్కు మీద కాదు, భుజాల మధ్య రూపాయి బిళ్లంత చోట ఒక చుక్క రాసి ఒక రోజు ఆగండి. ఎర్రబడకపోతే, మేత మామూలుగా తింటే ముందుకు వెళ్లవచ్చు.

తర్వాత, తువాలులో చుట్టిన కుందేలును ఒడిలో పెట్టుకుని, దూది పుల్లతో ఒక్కో పక్కుకు రెండు మూడు చుక్కలు అద్దండి. బొచ్చు మీద పామకండి. నూనె అంటిన బొచ్చు ముద్ద కడుతుంది, దుమ్ము పడుతుంది, వేడికి కుందేలు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఒక పూటకు ఒంటి మొత్తం మీద పది చుక్కలు దాటకూడదని నేను నియమం పెట్టుకున్నాను. 15 నుంచి 20 నిమిషాలు ఒడిలోనే ఉంచాలి. ఆ సమయానికి నేను గుప్పెడు దశరథ గడ్డి ఒక్కో రెమ్మ చొప్పున అందిస్తాను; నమలడంలో పడి నాకడం మరిచిపోతుంది. చివర్లో పొడి మెత్తని గుడ్డతో మిగిలిన నూనె అద్ది తీసేయండి. తుడవని నూనే కడుపులోకి పోయే నూనె.

రోజు విడిచి రోజు చాలు. నాలుగైదు సార్లకు పక్కు మెత్తబడి అంచుల నుంచి లేస్తుంది. దాన్ని గోటితో పీకకండి. కింద పచ్చి పుండు ఉంటుంది.

చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు, మూడు నెలల లోపు పిల్లలకు వేప, కానుగ రెండూ వద్దు, ఒట్టి కొబ్బరినూనె మాత్రమే. వేపకు చూలు మీద ప్రభావం ఉందని మన పెద్దవాళ్లకూ తెలుసు.

చెవి గజ్జికి కూడా ఒట్టి కొబ్బరినూనే, గోరువెచ్చగా. మణికట్టు మీద వేసి చూసుకుని, చెవిలో నాలుగైదు చుక్కలు వేసి, చెవి మొదట్లో బయటి నుంచి నెమ్మదిగా నలపండి. దూది పుల్ల లోపలికి పెట్టకండి, అటుకుల్లాంటి ఆ పొరలను లాగకండి. లాగితే రక్తం కారుతుంది, ఆ నొప్పికి కుందేలు మళ్లీ మీ చేతికి చిక్కదు.

ఇప్పుడు దాచకుండా చెప్పవలసిన మాట. నూనె పక్కును మెత్తబరుస్తుంది, దురద తగ్గిస్తుంది, పైన తిరిగే పురుగులను కొంత చంపుతుంది. చర్మంలో తొలుచుకున్న పురుగునూ, దాని గుడ్లనూ తుడిచిపెట్టదు. నూనెతో నయమైందని చెప్పేవారి కుందేళ్లను నెల తర్వాత చూడండి. గజ్జి అని తేలితే డాక్టరు చేత ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు వేయించాలి. 10 నుంచి 14 రోజుల తేడాతో మళ్లీ వేయించాలి, ఎందుకంటే మొదటి మోతాదు గుడ్లను ఏమీ చేయదు. కిలో బరువున్న కుందేలుకు 1 శాతం మందు 0.02 నుంచి 0.04 మిల్లీలీటర్లే పడుతుంది. అంటే ఒక చుక్క కూడా నిండదు. డాక్టర్లు ఇన్సులిన్ సిరంజితో కొలుస్తారు. పశువులకు వేసే సిరంజితో ఇంట్లో అంచనాగా పొడవడం చావుతో ఆడుకోవడమే.

ఉప్పు నీళ్లు, కలబంద, తేనె, పసుపు

నా అలమరలో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది ఉప్పు నీళ్లు. అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో, తలకొట్టిన టీ చెంచాకు కాస్త తక్కువ ఉప్పు. దూది ముంచి పిండి, పుండును, మూత్రంతో ఒరిసిన చోటును అద్దండి, వెంటనే పొడిగుడ్డతో ఆర్పండి. ఒళ్లంతా స్నానం మాత్రం ఎప్పుడూ వద్దు. లోపలి బొచ్చు గంటల తరబడి ఆరదు, భయానికి, చలికి కుందేలు ప్రాణం మీదికి వస్తుంది.

కలబంద మట్టను కోసి, కోసిన కొస కిందికి వచ్చేలా అరగంట నిలబెట్టండి. పసుపు రంగు జిగురు కారిపోతుంది. అది విరేచనకారి, కుందేలు నాకకూడదు. తర్వాత కడిగి, తొక్క, దాని కింది పచ్చదనం తీసేసి, అద్దంలాంటి గుజ్జు మాత్రమే తోక కింద ఎర్రబడిన చర్మానికి పలుచగా రాయండి. బజారులో సీసాల్లో వచ్చే కలబంద గుజ్జులో రంగు, సువాసన కలుపుతారు, అది వద్దు.

పసుపు మీద నాకు ఇంట్లో ఉన్నంత నమ్మకం లేదు. పొడిగా చల్లితే ముక్కులోకి పోయి తుమ్ముతుంది; ఒంటికి పట్టిన రంగు వల్ల కింద చర్మం ఎర్రగా ఉందో లేదో తెలియదు. బజారు పసుపులో రంగుల కల్తీ సంగతి సరేసరి. ఇంట్లో దంచిన పసుపు చిటికెడు కొబ్బరినూనెలో కలిపి చిన్న గీరుకు రాస్తే తప్పు లేదు, అంతే.

తేనె మాత్రం మంచి మందు. పుండులో తేమ లాగి, సూక్ష్మజీవులను పెరగనివ్వదు, కాస్త నాకినా ముప్పు లేదు. చిక్కు ఒక్కటే, చీమలు. తేనె రాసిన పది నిమిషాల్లో బోనుకు బారు కడతాయి. బోను కాళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరి చిప్పలు పెట్టాకే తేనె సీసా మూత తీయండి.

పాదాల పుండ్లు

పిల్లికి, కుక్కకు పాదం కింద మెత్తలు ఉంటాయి. కుందేలుకు లేవు. దట్టమైన బొచ్చే దాని చెప్పులు. ఇనుప మెష్ మీద, తడి మీద, బరువు పెరిగిన కుందేలు రోజంతా కూర్చుంటే వెనక మడమ దగ్గర ఆ బొచ్చు అరిగిపోతుంది. ముందు చర్మం నున్నగా గులాబీ రంగులో బయటపడుతుంది, తర్వాత ఎర్రబడుతుంది, ఆపైన పగిలి పుండవుతుంది. పుండు ఎముక దాకా దిగిందంటే ఇంటి వైద్యం దాటిపోయినట్టే.

దీనికి మందు బోనులో మొదలవుతుంది. మెష్ మీద సగభాగం నున్నటి కర్ర పలక వేయండి. దాని మీద మడత పెట్టిన గోనె సంచి, ఆపైన నాలుగు వేళ్ల మందం పొడి వరిగడ్డి. నెల్లిమర్ల జనపనార మిల్లు పేరు చెప్పుకునే మన జిల్లాల్లో గోనె సంచికి కొదవ ఏముంది. పోగులు పీక్కుని తినే కుందేలైతే మాత్రం గోనె తీసేసి గడ్డే మందంగా వేయండి. తడిసిన గడ్డి రోజూ మార్చాలి. పలకలు రెండు ఉంచుకుని ఒకటి ఎండలో ఉండగా ఇంకోటి వాడండి.

పాదం ఉప్పు నీళ్లతో అద్ది, ఆర్పి, తేనె పలుచగా పూసి, మెత్తని గాజుగుడ్డ పెట్టి, జారకుండా, బిగియకుండా కట్టు కట్టాలి. కట్టు కింద వేళ్లు చల్లబడినా, వాచినా వెంటనే విప్పేయండి. రోజుకోసారి మార్చాలి. చీము, వాసన, కుంటడం కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించండి. కుందేలు చీము పెరుగులా గట్టిగా ఉంటుంది, పిండితే రాదు, కోసి తీయాలి.

మెష్ కోసుకుంటోందని దాని మీద ప్లాస్టిక్ సంచి పరిచినవారిని చూశాను. మూత్రం నిలిచి మూడు రోజుల్లో తోక కింద కూడా ఒరిసింది.

బోనుకు కూడా వైద్యం చేయాలి

చెవి గజ్జి పురుగు కుందేలు ఒంటి మీద లేకున్నా 3 వారాల దాకా బతకగలదు. తామర బీజాలు ఏడాది దాటినా చావవు. కుందేలుకు నయం చేసి పాత బోనులోనే వదిలితే మళ్లీ మొదటికే వస్తుంది. ఒకదానికి గజ్జి వస్తే పక్క బోన్ల వాటికీ అదే రోజు వైద్యం జరగాలి.

కుందేళ్లను వేరే చోటికి మార్చి, పాత గడ్డి, గోనె కాల్చేయండి. ఇనుప బోనును బ్రష్‌తో తోమి, ఆరాక బ్లో ల్యాంప్ మంట మూలమూలలా తిప్పండి. కర్ర భాగాలు ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో పెట్టండి. పాకలో గోడలకు సున్నం వేయండి.

మన తీరంలో అసలు శత్రువు తేమ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో కొబ్బరి చెట్లే నేలకొరిగాయి, ఇక పొడి గడ్డి ఎక్కడిది? అప్పటి నుంచి వానలకు ముందే నెలకు సరిపడా గడ్డి అటక మీద కట్టలు కట్టి ఉంచుతున్నాను. మేతలో పీచు తక్కువైతే కుందేళ్లు ఒకదాని బొచ్చు ఒకటి కొరుక్కుంటాయి, దానికీ ఆ గడ్డే మందు.

వీటి జోలికి పోకండి

కిరసనాయిలు, ఫినాయిల్, కర్పూరం కలిపిన నూనె, టర్పెంటైన్, యూకలిప్టస్ నూనె, టీ ట్రీ నూనె, తలనొప్పి బామ్‌లు: ఏవీ వద్దు. వెల్లుల్లి రసం చర్మాన్ని కాలుస్తుంది. మందుల షాపులో "అన్ని దురదలకూ ఒకటే" అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది; కుందేళ్లకు అది పడదు, తామరైతే ఇంకా రేగుతుంది. కుక్కల మెడ మీద పోసే ఫిప్రోనిల్ మందు కుందేలును చంపుతుంది. దీన్ని రెండోసారి చదవండి.

పురుగు పడితే

వానాకాలం, తోక కింద తడి, ఈగలు: ఈ మూడూ కలిస్తే ఒక్క రోజులో పుండులో పురుగు పడుతుంది. పశువులకు చేసినట్టు సీతాఫలం ఆకు నూరి పెట్టకండి, కర్పూరం కుక్కకండి. కనిపించిన పురుగులను పట్టకారుతో తీస్తూ, పొడి తువాలులో చుట్టి, ఆ గంటలోనే బయలుదేరండి. విజయనగరం వైపు వారికి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మిగతావారు దగ్గరి పశువైద్యశాలకు వెళ్లాలి, బండి దొరకని ఊళ్లలో సంచార పశువైద్య వాహనాల 1962 నంబరుకు ఫోను చేసి అడగండి. 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు ఆగినా ఇదే పద్ధతి, చర్మం సంగతి తర్వాత.

అంతా సరిగా జరిగితే మూడో వారానికి పక్కు రాలిన చోట పీచులాంటి మెత్తని బొచ్చు మొలుస్తుంది. రంగు కుందేళ్లలో దానికి కొన్ని రోజుల ముందు చర్మం అక్కడక్కడా నల్లగా, కమిలినట్టు మచ్చలు పడుతుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, కింద కొత్త బొచ్చు తయారవుతున్న గుర్తు. ఆ నలుపు చూసి మళ్లీ నూనె సీసా తీయకండి.